గొంతు నొక్కిన బండి

శుభవార్త వచ్చేసరికి హీత్ పెంగెల్లి నోటినిండా మాంసం కూరి కాల్చిన మీట్ పై ఉంది.

ఫోన్ తెర మీద రెండే మాటలు: "సోమవారం ఖాయం."

నమలడం ఆపేసి మళ్ళీ చదివాడు. హీల్స్‌విల్ బేకరీ ముందు చెక్కబల్లకి అవతల కూర్చున్న బ్రిడీ, మొగుడి గడ్డం మీద కారిన టొమాటో సాస్‌ని బొటనవేలితో తుడిచి, ఆ వేలు తనే నాకేసింది. ఆమె కొత్త పెళ్లికూతురు. ఆమెకి అన్నీ ముద్దుగానే ఉంటున్నాయి.

"ఏంటా నవ్వు? నీ ఆఫీసు నుంచి మంచి కబురంటే ఎవరో పోయుంటారు."

"ఈసారి ఎవరూ పోలేదు. పోకుండా ఉండే కబురు."

"నాకు చెప్పకూడనిదేగా? చెప్పకులే. అలా నవ్వుతూ కూర్చో, బాగున్నావ్."

సోమవారం ఉదయం మెల్‌బోర్న్‌లో ఒక అంతర్జాతీయ విచారణ కమిషన్ ముందు డాక్టర్ లోబెర్ మాషెక్ అనే ముసలాయన ప్రమాణం చేసి నోరు విప్పబోతున్నాడు. వెల్దోవియా దేశంలో కర్నల్ గారి ఆజ్ఞ మీద విషవాయువు తయారుచేసింది ఆయనే. సమ్మె కట్టిన గని కార్మికుల ఊరిమీద కర్నల్ దాన్ని వదిలినప్పుడు, ఆయన సరిహద్దు దాటి పారిపోయి వచ్చాడు. ఆయన నోరే సాక్ష్యం. ఆ నోరు మూతపడితే కర్నల్ మీద కేసే లేదు. చలికాలం మొదలైనప్పటినుంచీ ఆ నోటికి కాపలా కాస్తున్నది హీతే. గూఢచారి విభాగంలో అతని మారుపేరు మ్యాగ్‌పై, ఇక్కడి ఒక పిట్ట పేరు.

రెండో ముక్క పై నోట్లో పెట్టుకోబోతుంటే రెండో కబురు వచ్చింది: "గుర్రాల బండి దగ్గరికి రా."

హీత్ మొహం మాడిపోయింది. "అదుగో, నవ్వు అయిపోయింది" అంది బ్రిడీ, అతని పై ముక్కని తనవైపు లాక్కుంటూ.

*

గుర్రాల బండి అంటే నిజంగా గుర్రాల బండే. పందెపు గుర్రాల్ని ఊరూరా తిప్పే ట్రెయిలర్ ఒకటి నది ఒడ్డున ఆపి ఉంది. విభాగాధిపతి ఫెనెలా గ్రోట్ ఈ వారం దాన్నే ఆఫీసు చేసుకుంది. తలుపు మీద తడితే లోపలినుంచి గొంతు వినిపించింది.

"సాస్ పైనా, పక్కనా?"

"పైనే. పక్కన వేసుకునేవాళ్ళతో నాకు పొత్తు లేదు."

తలుపు తెరుచుకుంది. పచ్చిపేడ కంపు గుప్పున కొట్టింది. దాని మీదుగా ఇంకో వాసన, ఖరీదైన సెంటు. రెండూ కలిసేసరికి హీత్ ముక్కు మూసుకున్నాడు.

సెంటు వాసన సెలెస్టీన్ రూ అనే ఆవిడది. యూరప్‌లోని ఒక మిత్రదేశపు గూఢచారి సంస్థ పంపిన అనుసంధాన అధికారిణి. ఒంటికి అతుక్కున్న నల్లటి లెదర్ సూటు, ఎర్రటి పెదవులు. గడ్డిమోపు మీద కూడా సోఫా మీద కూర్చున్నట్టే కూర్చుని ఉంది.

"మంచి కబురు చూశావుగా" అంది ఫెనెలా. "మిగతాది విను. బూడిద కొంగలు దిగాయి."

బూడిద కొంగలంటే కర్నల్ గారి హంతక ముఠా.

"ఎలా చంపాలన్నది కూడా తేల్చుకున్నారట. తుపాకీ కాదు. ఇంజెక్షన్ కాదు. యాక్సిడెంట్. అరవై దాటిన మనిషి, కొత్తగా మోటార్‌సైకిల్ నేర్చుకుంటున్నాడు, కొండ మలుపులో జారిపడి పోయాడు. పేపర్లో రెండు వాక్యాలు. అయ్యో పాపం అంటారు, పేజీ తిప్పేస్తారు."

హీత్‌కి ఒళ్ళు మండింది. ముసలాయన బతుకులో ఉన్న ఏకైక సరదా అది. దాన్నే ఉరితాడు చేస్తారా? "ఛీ" అన్నాడు పైకే. "రేపటి రైడ్ మానిపించండి మేడమ్."

"నువ్వు చెప్పి చూడు. నాకు ఆయనేమన్నాడో తెలుసా? 'అమ్మా, నలభై ఏళ్ళు కూరల కొట్టుకి వెళ్ళడానికి కూడా అనుమతి అడిగాను. ఆదివారం బండి మీద బ్లాక్ స్పర్ కొండ ఎక్కి దిగుతాను. ఇంక ఎవరినీ అడగను' అన్నాడు. పైగా మనలోంచే ఎవరో కొంగలకి కబుర్లు మోస్తున్నారు. రేపు వాళ్ళు కదిలితేనే ఆ మనిషెవరో బయటపడేది."

"అంటే ముసలాయన్ని ఎరగా వేస్తున్నారు."

"వేస్తున్నాను. నాకూ రోతగానే ఉంది. కూర్చో."

కూర్చోడానికి బాల్చీ తప్ప ఏమీ లేదు.

ఏర్పాటు ఇదీ. సెలెస్టీన్ ముందు, డాక్టర్ మధ్యలో, హీత్ వెనక. హీత్ వేషం డాక్టర్‌తోపాటు నేర్చుకుంటున్న తోటి లెర్నర్. బండి వెనక పసుప్పచ్చ ఎల్ ప్లేటు, ఒంటిమీద లెర్నర్లు వేసుకోవాల్సిన మెరిసే చొక్కా. ఆ చొక్కా రంగు చూసి హీత్ మొహం తిప్పుకున్నాడు. జబ్బుచేసిన పిల్లి కక్కుకున్నట్టుంది. ఇచ్చిన హెల్మెట్‌లో ఎవడిదో పాతచెమట.

"చొక్కా జేబులో మీట ఉంది" అంది ఫెనెలా. "నొక్కితే నాకు అలారం వస్తుంది. సరికొత్త పరికరం, జాగ్రత్త."

"బండి?"

"రైకో 7. డాక్టర్ గారిదీ అదే."

రైకో 7 అంటే హీత్‌కి ప్రాణం. ప్లాస్టిక్ తొడుగుల్లేకుండా ఇంజనూ ఎముకలూ బయటికి కనబడే నేకెడ్ బైక్. మరీ భారీ కాదు, మరీ బక్కదీ కాదు. కానీ ఆ కంపెనీ ఒకే పేరుతో దేశానికో రకం అమ్ముతుంది. కాలిఫోర్నియా దానికి పొగ పీల్చే డబ్బా అదనం. యూరప్ దానికి దీపం వేరు. ఆస్ట్రేలియాకైతే రెండు రకాలు, పూర్తి బలం ఉన్నది ఒకటి, లెర్నర్ల కోసం గొంతు నొక్కింది ఒకటి. పైకి కవలపిల్లల్లా ఉంటాయి. రెండోదాని యాక్సిలరేటర్ ఎంత తిప్పినా సగం దగ్గరే అడ్డుపడుతుంది.

"నాకు పూర్తిది ఇప్పించొచ్చుగా?"

"లెర్నర్ వేషం బాబూ."

"పాపం" అంది సెలెస్టీన్, ఎర్రటి పెదవులు ఒకపక్కకి వంచి. "సగం హీరో."

*

ఆదివారం ఉదయం డాక్టర్ మాషెక్ తన మెరిసే చొక్కాని ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. ఆ చొక్కాని ఇస్త్రీ చేసినవాణ్ణి హీత్ ఇంతవరకు చూడలేదు. గుడ్‌మార్నింగ్ కూడా చెప్పకుండా ఆయన వంగి హీత్ బండి వెనక ఎల్ ప్లేటు నిటారుగా ఉందో లేదో చూశాడు.

"కొంచెం ఒరిగింది బాబూ. పోలీసులు చూస్తే బాగుండదు."

"చూడరు డాక్టర్ గారూ."

"చూసినా చూడకపోయినా ప్లేటు ప్లేటే." సరిచేశాడు. "మా దేశంలో చట్టం అంటే కర్నల్ గారి మూడ్. ఇక్కడ పుస్తకంలో రాసి ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. ఆ పుస్తకం నేను రెండుసార్లు చదివాను. ఎంత హాయిగా ఉంటుందో!"

ముందురోజు సాయంత్రం ఆయన బండి గొలుసు వదులైందని సెలెస్టీన్ దాన్ని షెడ్డుకి పంపించింది. పొద్దున్నే తానే తెచ్చి ఇచ్చింది. డాక్టర్ నాలుగడుగులు నడిపి చూసి చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు.

"ఇవాళ మహా హుషారుగా ఉందయ్యా! ఇలా ముట్టుకుంటే అలా దూకుతోంది!"

"గొలుసు బిగించారుగా" అన్నాడు హీత్.

ఆ మాట అన్నందుకు తర్వాత తనని తానే తిట్టుకున్నాడు.

బయల్దేరారు. ఊరు దాటగానే అడవి మొదలైంది. ఆకాశాన్ని పొడిచే యాష్ చెట్లు, వాటి కాళ్ళ దగ్గర గొడుగుల్లాంటి ఫెర్న్ మొక్కలు, తడిసిన బెరడు వాసన. హెల్మెట్‌లోని పాతచెమటని కూడా దాటి ఆ వాసన ముక్కుకి తగిలింది. ఆ కాస్తసేపు హీత్ చొక్కా రంగుని క్షమించాడు.

ఆదివారం కాబట్టి ఎదురుగా బైకులు చాలానే వస్తున్నాయి. ఎదురైన ప్రతివాడూ హెల్మెట్‌ని ఒక్క పిసరు పక్కకి ఆడిస్తున్నాడు. ఇక్కడి బండివాళ్ళ పలకరింపు అంతే. నడిపేది రోడ్డుకి ఎడమపక్కన, కుడిచెయ్యి యాక్సిలరేటర్ మీద. ఎడమచెయ్యి ఊపినా అది గట్టువైపే ఉంటుంది, ఎదుటివాడికి సరిగా కనబడదు. అందుకని తలతోనే. డాక్టర్ ప్రతివాడికీ ఎంతో మర్యాదగా నడుము దగ్గర్నుంచి వంగి మరీ తల ఊపుతున్నాడు.

ముందు వెళ్తున్న సెలెస్టీన్ మాత్రం ఎడమచేతిని తొడ పక్కకి జార్చి రెండు వేళ్ళు చాపుతోంది. కుడిపక్కన నడిపే వాళ్ళ దేశంలో అలా పలకరించుకుంటారు. ఇక్కడ ఆవిడ గట్టుమీది ఫెర్న్ మొక్కల్ని పలకరిస్తున్నట్టుంది. 'వచ్చి ఇన్నాళ్ళైనా ఇది కూడా నేర్చుకోలేదు' అనుకుని హీత్ హెల్మెట్‌లోనే నవ్వుకున్నాడు.

కొండ నెత్తి దాటి దిగుడు మొదలయ్యేసరికి మంచు కమ్మింది. రోడ్డు తెల్లటి గొట్టంలా అయిపోయింది. మూడు దీపాలూ మూడు తెల్లటి కర్రల్లా మంచులోకి పొడుచుకుపోతున్నాయి.

హీత్ తన కర్రని చూశాడు. అది ఎడమ గట్టువైపు ఎగబాకుతోంది. అలాగే ఎగబాకాలి. ఎదుటివాడి కళ్ళలో పడకుండా దీపాన్ని ఎడమకి వంచి తయారుచేస్తారు.

తర్వాత డాక్టర్ బండి కర్రని చూశాడు.

అది కుడికి ఎగబాకుతోంది.

హీత్ కళ్ళు చికిలించి మళ్ళీ చూశాడు. కుడికి వంగే దీపం యూరప్ బండిది. ఈ కంపెనీ యూరప్ బండికి గొంతు నొక్కదు. ఆ నంబరు ప్లేటూ, ఆ ఎల్ ప్లేటూ, ట్యాంకు మీది ఆ గీతా అన్నీ డాక్టర్ బండివే, వాటి కిందున్న బండి మాత్రం ఆయనది కాదు. లెర్నర్ బండిని ఎంత మాయచేసినా సగం దగ్గర ఆగిపోతుంది. మనిషిని మలుపులోంచి విసిరికొట్టాలంటే పూర్తి బండి కావాలి. దాని యాక్సిలరేటర్ తీగతో కాదు, కరెంటుతో నడుస్తుంది. దూరంనుంచి మీట నొక్కి తెరవొచ్చు. బండి షెడ్డుకి పంపింది ఎవరు? పొద్దున్నే తెచ్చి ఇచ్చింది ఎవరు?

పేడ కంపు మీద సెంటు వాసన మళ్ళీ ముక్కులోకి వచ్చినట్టయింది.

జేబులోంచి మీట పైకి లాగి నొక్కాడు. చిన్న పచ్చ దీపం వెలిగింది. దాని పక్కన సన్నటి అక్షరాలు: సిగ్నల్ లేదు.

"సరికొత్త పరికరమట! వీళ్ళ మొహాలు మండ!"

యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాడు. గొంతు నొక్కిన రైకో మూలిగింది. దిగుడు కాబట్టి అది కూడా పరుగందుకుంది. రోడ్డు మధ్య తెల్లగీత దాటి ఎదురొచ్చే బళ్ళ దారిలోకి వెళ్ళాడు. డాక్టర్ కుడిపక్కకి చేరాడు. ముసలాయన తల తిప్పి చూసి నివ్వెరపోయాడు.

"తప్పు బాబూ! గీత దాటకూడదు!"

"ఆపండి! బండి ఆపెయ్యండి!"

హెల్మెట్లలో ఎవరి మాట ఎవరికి వినబడుతుంది?

ముందు సెలెస్టీన్ అద్దంలోకి చూసింది. ఆమె ఎడమచెయ్యి మెల్లగా తొడ పక్కకి జారింది.

ఎదురుగా ఒక్క బైకు కూడా లేదు. మంచు తప్ప ఏమీ లేదు. మరి ఎవరిని పలకరిస్తోంది?

రెండు వేళ్ళు ముడుచుకున్నాయి.

డాక్టర్ బండి అరిచింది. ముందుచక్రం నేలనుంచి లేచినంత పనైంది. ఆయన రెండు కాళ్ళూ గాలిలో తేలాయి, చేతులు మాత్రం పిడులు వదల్లేదు. ముందు కుడికి తిరిగే మలుపు, దానికి ఎడమన లోయ. హీత్ ఎడమచెయ్యి చాపాడు. ఆ బండి కుడి పిడి మీద ఎర్రటి బొత్తాం ఉంటుంది, ఇంజను ఊపిరి తీసేది. వేలు బ్రేకు మీద పడి జారిపోయింది. పూర్తి బండి ఒక చక్రమంత ముందుకి వెళ్ళింది, ఇంకో చక్రమంత. ఇంకొక్క క్షణమైతే సగం బండి దాన్ని ఈ జన్మలో అందుకోలేదు. మంచులోంచి దుంగల లారీ హారన్ వినబడింది, తనకి తిన్నగా ఎదురుగా.

హీత్ జీను మీదనుంచి సగం లేచి పక్కకి వాలాడు. ఎర్రబొత్తాం బొటనవేలికి తగిలింది. నొక్కాడు.

అరుపు చచ్చిపోయింది.

డాక్టర్ బండి ఒక్కసారిగా నీరుగారింది. ఇద్దరూ బ్రేకులు బిగించారు, హీత్ ఆయన వెనక్కి దూరాడు. లారీ వాళ్ళ చొక్కాలు ఎగిరేలా పక్కనుంచి వెళ్ళిపోయింది. దాని డ్రైవర్ అన్న మాట అచ్చులో పడేది కాదు. డాక్టర్ బండి మలుపు అంచున, ఫెర్న్ మొక్కల్లో ముందుచక్రం పెట్టి ఆగింది. చక్రం అవతల నేల లేదు.

సెలెస్టీన్ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ముసలాయన నిలబడి ఉండటం చూసింది. అంతే, పూర్తి బలం ఉన్న తన బండిని పూర్తిగా తెరిచి కిందికి దూకించింది.

*

"వెంటపడవా?" అన్నాడు డాక్టర్, అన్నిటికన్నా ముందు ఇండికేటర్ ఆపేస్తూ.

"దీనితోనా?"

అప్పుడే కిందినుంచి నాలుగు బైకులు వరసగా ఎక్కి వచ్చాయి. నలుగురూ హీత్‌ని చూసి అరచేత్తో హెల్మెట్ మీద టపటపా తట్టుకుంటూ వెళ్ళారు. ముందు పోలీసులున్నారు, నెమ్మదిగా పో అని. ఆదివారం కొండ కింద స్పీడు తనిఖీ. ఈ దేశంలో బండివాడెవడూ ఆ సైగ చూశాక వేగం తగ్గించకుండా ఉండడు.

ఫెర్న్ మొక్కల్ని పలకరించే మనిషికి ఆ సైగ తెలుసా?

హీత్ గట్టు మీద కూర్చుని పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే హెల్మెట్ తీసి దూరంగా విసిరాడు. ఇంక ఆ చెమట భరించడం అతని వల్ల కాలేదు. వెంటనే డాక్టర్ వెళ్ళి దాన్ని తెచ్చి ఇచ్చాడు.

"ఇది లేకుండా నడపకూడదు."

"సరే. ఆ బండిని ఇక్కడే వదిలేద్దాం. నా వెనక ఎక్కండి."

డాక్టర్ కదల్లేదు. "లెర్నర్ వెనక మనిషిని ఎక్కించుకోకూడదు."

"నేను లెర్నర్‌ని కాదు డాక్టర్ గారూ! అది వేషం!"

"ప్లేటు ఉందిగా."

హీత్ ఎల్ ప్లేటు పీకేశాడు. చొక్కా విప్పి లోయలోకి గిరాటెయ్యబోయి, ముసలాయన మొహం చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. డాక్టర్ అప్పుడు కూడా లైసెన్స్ చూపించమన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని రెండువైపులా చదివి, తలూపి, ఎక్కాడు.

*

కొండ కింద నార్బెథాంగ్ ఊరి దగ్గర సెలెస్టీన్ రోడ్డు పక్కన నిలబడి ఉంది. చేతులకి బేడీలు, ఇద్దరు కానిస్టేబుళ్ళు. లెదర్ సూటు మోకాలి దగ్గర చిరిగింది, లిప్‌స్టిక్ చెంపమీదికి పాకింది. తనిఖీ చూసి వెనక్కి తిరగబోయి గడ్డిలో పడిందట. సార్జెంట్ విస్తుపోతున్నాడు. "ఇంత స్పీడు నా సర్వీసులో చూళ్ళేదు సార్. దారిపొడుగునా బండివాళ్ళు తల తట్టి చెబుతూనే ఉంటారు, నాకు తెలుసు. ఈవిడ వాళ్ళందరికీ చెయ్యి ఊపుతూ వచ్చింది!"

హీత్ గుర్తింపు కార్డు చూపించి ఆమె ఎడమ చేతితొడుగు లాగాడు. అరచేతిలో గోరంత మీట.

"వాళ్ళు నన్ను చూసి తలలు బాదుకుంటున్నారనుకున్నాను" అంది సెలెస్టీన్. "నీలాంటి సగం హీరోల దేశం కదా ఇది."

"నిన్న ఆ పేడ మధ్యన కూర్చుని ఆయన ప్రాణం గురించి మాట్లాడావే. మొహం ఎలా నిలిపావ్?"

"ఆయనేదో పుణ్యాత్ముడైనట్టు! ఆ ఊళ్ళో పిల్లలు పీల్చిన గాలి ఎవరు చేశారు? అడుగు."

హీత్ డాక్టర్ వైపు తిరిగాడు. డాక్టర్ తలదించుకుని ఆ మాటంతా విన్నాడు.

"నేనే చేశాను" అన్నాడు. "అందుకే రేపు చెప్పాలి."

సెలెస్టీన్ నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఆమెని వ్యాన్ ఎక్కించారు. సెంటు వాసన మాత్రం కాసేపు అక్కడే వేలాడింది. హీత్ పక్కకి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు.

వచ్చేసరికి డాక్టర్ సార్జెంట్ ఎదుట నిటారుగా నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ ముందుకి చాపి.

"ఏంటిది డాక్టర్ గారూ?"

"ఇప్పుడే లెక్కేసుకున్నాను బాబూ. హీల్స్‌విల్ నుంచి ఆ మలుపు దాకా నేను పూర్తి బలం ఉన్న బండి నడిపాను. లెర్నర్ నడపకూడదు. పుస్తకంలో ఉంది."

"మీకు తెలియకుండా మార్చేశారు!"

"పొద్దున దూకుతోందని నేనే అన్నానుగా. అనుమానించాల్సింది. సంతోషపడ్డాను."

సార్జెంట్ బుర్ర గోక్కున్నాడు. "అయ్యా, ఇవాళ నాకు ఈ ఒక్క కేసే ఎక్కువ. ఇంటికెళ్ళండి."

"అయితే రేపు." డాక్టర్ చేతులు దించి చొక్కా సర్దుకున్నాడు. "పదింటికి కమిషన్. ఎనిమిదింటికి పోలీస్ స్టేషన్. ముందు ఇది ఒప్పుకుంటాను, తర్వాతే అది. ఒక తప్పు జేబులో పెట్టుకుని ఇంకో తప్పు గురించి ఎలా ప్రమాణం చెయ్యను?"

ఆయన్ని ఒప్పించడం కర్నల్ వల్లే కాలేదు, హీత్ వల్ల ఏమవుతుంది? ఫోన్ తీశాడు. ఇప్పుడు సిగ్నల్ నిండుగా ఉంది. ఫెనెలాకి కబురు పెట్టాడు:

"సాక్షి క్షేమం. రేపు కారు రెండు గంటలు ముందే పంపండి. కమిషన్‌కి వెళ్ళేముందు ఆయన లొంగిపోతాడట."